గిటారుకు ఎర్తు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది నేను ఇంట్లో కూర్చుని ఒక చవక ఎలక్ట్రిక్ గిటారును నాకు కావలసినట్టు మార్చుకున్న సంగతి. ఇందులో గిటారు బతికింది, నేనూ బతికాను. చచ్చిపోయే అవకాశం అందరికన్నా ఎక్కువగా ఉండింది మా ఆవిడకు. నంద్యాలలో, ఇంటివాళ్ళు కింద ఉంటూ పైభాగం మాకు అద్దెకిచ్చిన మిద్దెలో, బట్టలుతికే చోట ఉన్న కొళాయికి కరెంటు వస్తూ ఉండేది. ఎనిమిది నెలలుగా వస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాకు చెప్పింది కూడా. అయినా నాకు తెలియదు. చెప్పాక కూడా తెలియకపోవడం ఎలాగంటే, నేను ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పే లెక్చరర్ని. మాటలకు అర్థాలు చెప్పడం వృత్తి కావడంతో, ఇంటికొచ్చాక వాటి అర్థం వెతికే ఓపిక ఉండేది కాదు.

గిటారు చర్చిలో పాడే కుర్రాళ్ళది. వాళ్ళు కొత్తది తెచ్చుకుని, పాతదాన్ని ఏం చేయాలో తెలియక నాకు అంటగట్టారు. డిగ్రీ రోజుల్లో హాస్టల్లో ఎవరిదో మామూలు గిటారు మీద నాలుగు పాటలు నేర్చుకున్నాను. అందులో రెండు మరిచిపోయాను. మిగిలిన రెండింటి కోసం ఒక వాయిద్యం ఇంట్లో ఉండడం అవసరమనిపించింది.

దానికి మూడు జబ్బులున్నాయి. మొదటిది రంగు. ఆటోల మీద కూడా చూడనంత ఎరుపు. రెండోది, తీగల కింద ఉండే మూడు పికప్పుల్లో ఒకటి పలకదు. పికప్పు అంటే మరేం లేదు, ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి వైరు. పైన తీగ కదిలితే ఆ కదలిక ఇందులో పిసరంత కరెంటుగా మారి స్పీకరు పెట్టెకు పోతుంది. మూడోది, పెట్టెకు తగిలించగానే ‘గుఁయ్’ అని ఒక మోత. తీగలు ముట్టినా ముట్టకపోయినా ఆ మోత ఆగదు.

మా ఆవిడ నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ ‘బావా’ అనే పిలుస్తుంది. మొదటి రోజు వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి వింది.

“బావా, దాండ్లో తేనెటీగలు పెట్టిచ్చినారా?”

“ఇంగా వాయించలేదు మే. ఊరికే ఆన్ చేసినా.”

“మరి వాయిస్తే కుడతాయేమో, సూస్కో.”

బాగు చేయడం ఎలాగో ఫోన్లో వీడియోలు చూశాను. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక గడ్డం పెద్దమనిషి చవక గిటార్లను విప్పి చూపిస్తాడు. వారం రోజులు ఆయనతోనే కాపురం చేశాను. ఆయన చెప్పిన దాంట్లో నాకు బాగా పట్టుబడింది ఒక్కటే. చవక గిటార్లన్నిటికీ రోగం ఒకటే, ఎర్తు సరిగ్గా ఉండదు. ఎర్తు బాగుంటే మోత ఉండదు. ఎర్తు బాగుంటే మనిషికి ప్రమాదం ఉండదు. ఎర్తు కన్నా ఆప్తుడు లేడన్నట్టు చెప్పాడాయన.

ఇక్కడ కొంచెం ఆగాలి. మా వైపు ఎర్తు అంటే అది కాదు. చిన్నప్పుడు వానాకాలం గోడకు ఆనుకుంటే చెయ్యి జివ్వుమనేది. “గోడకు ఎర్తు వస్తాంది, ముట్టుకోగాకు” అనేవాళ్ళు పెద్దవాళ్ళు. అంటే కరెంటు పారకూడని చోటికి పారుతోందని, షాకు కొడుతోందని. ఇంజనీరుకు ఎర్తు అంటే కాపాడేది. మా ఇళ్ళల్లో ఎర్తు అంటే కొట్టేది. ఒకే మాటకు రెండు అర్థాలు, అవి కూడా ఒకదాని మీద ఒకటి కత్తి దూసేవి. నానార్థాల పాఠం నేను ఏటా చెబుతాను. పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లల్ని బెదిరిస్తాను కూడా.

మా ఆవిడ మొదటిసారి “బావా, కొళాయికాడ ఎర్తు వస్తాంది” అన్నప్పుడు నేను పేపర్లు దిద్దుతున్నాను. “రానీలే మే” అన్నాను. ఏది వచ్చినా అదే అనేవాణ్ణి ఆ రోజుల్లో, చుట్టాలు వచ్చినా సరే. తరవాత ఇంకో రెండు మూడుసార్లు చెప్పిందట. ఆ తరవాత చెప్పడం మానేసింది. నా రబ్బరు చెప్పులు మాత్రం మంచం కిందినుంచి మాయమై, కొళాయి దగ్గర తడిసి కనిపించేవి. చపాతీల కర్ర ఉతికే బండ పక్కన ఉండేది. కొళాయిని ఆమె ఎప్పుడూ మడత పెట్టిన గుడ్డతోనే తిప్పేది. “మా ఇంట్లో కొళాయికి మర్యాద ఎక్కువ, వట్టి చేత్తో ముట్టరు” అని స్టాఫ్ రూములో అన్నాను. బాగానే నవ్వారు. నేను కూడా.

సరే, గిటారు. మొదట రంగు తీద్దామని మిద్దె పైకెక్కి ఉప్పు కాగితంతో రుద్దాను. రెండు ఆదివారాలు రుద్దాను. ఎరుపు కింద నీలం వచ్చింది. నీలం కింద లప్పం. లప్పం కింద చెక్క వస్తుందని ఎదురుచూస్తే, ఒక చెక్క కాదు, అయిదు ముక్కలు అతికించినవి వచ్చాయి. ఒక ముక్క మీద నల్ల బాణం గుర్తుంది. సామాన్ల పెట్టెల మీద ఈ వైపు పైకి పెట్టమని వేస్తారే, ఆ బాణం. అది కిందికి చూపిస్తోంది. ఈ వాయిద్యం పూర్వజన్మలో ఫ్రిజ్ వచ్చిన పెట్టె అని అప్పుడు అర్థమైంది. ఆ బాణం కనిపించేటట్టే వార్నీషు పూసి ఆరబెట్టాను. ఎవరైనా అడిగితే డిజైను అని చెప్పొచ్చు.

పలకని పికప్పు సంగతి నంద్యాలలో ఎవరికీ తెలియలేదు. రాగి వైరు చుట్టడమే కదా, అయితే మనవాడు ఉన్నాడు కదా అని తట్టింది. ఆళ్ళగడ్డ మా సొంతూరు. పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీలో కూర్చున్నవాడు అక్కడ బోరు మోటర్లకు వైండింగు చేస్తాడు. వాళ్ళ నాయన అదే పని, వాళ్ళ తాత అంతకుముందు గొడుగులు బాగు చేసేవాడు. మాడిపోయిన మోటరును రైతు ట్రాక్టరులో వేసుకొచ్చి గుమ్మంలో దించితే, సాయంత్రానికి దాని కడుపంతా విప్పి కొత్త వైరు చుట్టి పంపిస్తాడు. మా ఊళ్ళో డాక్టర్ల కన్నా వాడికి పలుకుబడి ఎక్కువ. పంట ఎండిపోతుంటే మనిషి జ్వరం రెండో విషయం.

ఒక ఆదివారం పొద్దున్నే గిటారును దుప్పట్లో చుట్టుకుని, స్పీకరు పెట్టెను సంచిలో వేసుకుని బస్సెక్కాను. కండక్టరు దుప్పటిని చూసి, “పిల్లోడా?” అని అడిగాడు. కాదంటే టికెట్టు కొడతాడేమోనని నవ్వి ఊరుకున్నాను.

వాడి షాపు శిల్పులు రాళ్ళు చెక్కే షెడ్లకు ఎదురుగా ఉంటుంది. అవతల గ్రైండరు మోత, ఇవతల మోటర్ల వాసన. నేను దుప్పటి విప్పేసరికి వాడు స్క్రూ డ్రైవరు నోట్లో పెట్టుకుని ఒక మోటరు లోపలికి తొంగి చూస్తున్నాడు.

“ఏందిరా ఇది?”

“గిటారు.”

“అది కనపడతాంది. మోటరు యాడ దీనికి?”

“మోటరు ల్యా. ఇగో, ఈ కాయిలు సచ్చిపోయింది.”

“ఎన్ని హెచ్‌పీ?”

“దీనికి హెచ్‌పీ ఉండదురా.”

“హెచ్‌పీ లేని కాయిలు ఎందుకురా మామా, తాయెత్తు కట్టుకునేదానికా?”

ఎదురు షెడ్డులోంచి ఒక శిల్పి వచ్చాడు, రెప్పల మీద కూడా రాతి పొడితో. గిటారును అటూ ఇటూ తిప్పి చూశాడు. “వీణ అనుకుంటినే. దీనికి బుర్ర యాడ పోయింది?”

“బుర్ర ఉంటే ఇట్లాంటిది కొంటాడా?” అన్నాడు మావాడు, మోటరులోంచి తల ఎత్తకుండానే.

తరవాత పికప్పులు మూడూ ఊడదీశాడు. వైండింగు షాపుల్లో కాయిలు బతికుందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. గోడ కరెంటుకు ఒక బల్బు తగిలించి, ఆ దారి మధ్యలో కాయిలును పెడతారు. కాయిలు బాగుంటే బల్బు వెలుగుతుంది. పది హార్సు పవర్ మోటరుకైనా అదే పరీక్ష. మావాడు పలకని పికప్పుకు వైర్లు ఆనించాడు. బల్బు వెలగలేదు.

“సచ్చింది నిజమే. బాగుండేది ఎట్లుంటాదో సూస్తాం ఉండు” అని, నేను నోరు తెరిచేలోపల, బాగా పలికే పికప్పుకు అదే కరెంటు పెట్టాడు.

బల్బు వెలగలేదు. పికప్పు మాత్రం చిన్నగా బుస్సుమంది. అగరొత్తి పాటి పొగ ఒకటి లేచి సీలింగు వైపు పోయింది. ముగ్గురం దాన్ని చివరిదాకా చూశాం.

“ఇదీ సచ్చింది” అన్నాడు.

“ఇప్పుడు సచ్చిందిరా.”

“అంత సన్నంగా ఉంటే అది బతికే రకం గాదులే.”

వచ్చేటప్పుడు ఒక్క పికప్పు చచ్చిన గిటారు. ఇప్పుడు రెండు. నేను స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగాను. వాడికి బాధేసిందని చెప్పలేను కానీ, పరువు అడ్డమొచ్చింది. తన షాపుకు కాయిలు చచ్చి రావడమేగానీ చుట్టకుండా పోవడం లేదు. పాత సామాన్ల డబ్బాలో వెతికి, పొలాల్లో మోటరు స్టార్టరు పెట్టెలో ఉండే ఒక చిన్న కాయిలును బయటికి తీశాడు. కరెంటు పోతే మోటరును ఆపేది అదే. అందులోని వైరు కొంచెం సన్నం. దాన్నే విప్పి, చేతి మిషను మీద రెండు పికప్పులకూ చుట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో నమాజుకు పోయి వచ్చి మళ్ళీ చుట్టాడు. మోటర్లకు పోసే వార్నీషులోనే ముంచి ఎండలో పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి గిటారు పలికింది. గొంతు ముందుకన్నా తగ్గింది, కానీ మూడూ పలుకుతున్నాయి. మావాడి ముఖం చూడాలి. అయిదో తరగతిలో నా స్లేటు విరగ్గొట్టి, దాన్నే రెండు స్లేట్లు చేసి ఇచ్చినప్పుడు కూడా అలాగే ఉన్నాడు.

మోత మాత్రం అలాగే ఉంది.

“ఎర్తు ల్యాక అది” అన్నాడు వాడు. “ఈ షాపులో యాడ ఉంటాది. మీ ఇంట్లో ఎర్తు ఉందా?”

“ఏమో. అడుగుతా ఉండు.”

ఫోను చేశాను. ఆ మాటలు నాకు ఒక్కటీ మరుపు రావడం లేదు.

“మే, మనింట్లో ఎర్తు ఉందా?”

“వస్తాంది గదా. ఎప్పుడో చెప్పినా నీకు.”

“బాగా వస్తాందా?”

“పొద్దున బాగానే వచ్చింది. కింద మోటరేసినప్పుడే ఎక్కువ.”

“యాడ ఎక్కువ?”

“కొళాయి కాడ.” గొంతు మారింది. “ఎందుకు బావా, ఎవురినన్నా పిల్చకొస్తాండావా?”

“ల్యా. గిటారుకు.”

“గిటారుకా” అంది. పెట్టేసింది.

నేను మావాడి వైపు తిరిగి, “ఉందంట. కొళాయి కాడ బ్రహ్మాండంగా ఉందంట” అన్నాను. ఆమె అన్నది ‘వస్తాంది’ అని. నేను చెప్పింది ‘ఉంది’ అని. మారింది ఒక్క క్రియ. ఆ ఒక్కటి మార్చకుండా చెప్పి ఉంటే వాడికి అక్కడే అర్థమయ్యేది. వాడు పుట్టిందే ఆ మాటల్లో.

“అయితే ఇంగేం. పాత ఇండ్లల్లో ఇనుప పైపే మంచి ఎర్తు. ఆడికి ఒక వైరు లాక్కో” అన్నాడు. టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. మా ఆవిడ అప్పుడే బండలు తుడిచి, ఆరిన బట్టలు తేవడానికి మిద్దె మీదికి పోయింది. ఆమె దిగి వచ్చేసరికి మోత లేని గిటారు వినిపించాలని నాకు తొందర. తీగలు తగులుకుని ఉండే ఇనుప పట్టీకి వైరు ఒక కొస కలిపాను. రెండో కొసను ఉతికే చోటికి లాగి, కొళాయి మెడకు వదులుగా నాలుగు చుట్లు చుట్టాను. చుట్టేటప్పుడు వట్టి చేత్తోనే చుట్టాను. ఏమీ కాలేదు. ఆ క్షణంలో మోటరు నడవడం లేదు కాబట్టి కాలేదని తరవాత తెలిసింది. వెళ్ళి తడి బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

మోత పోయింది. పూర్తిగా కాదు, ముప్పాతిక పాళ్ళు. ఆ నిశ్శబ్దంలో నా రెండు పాటల్లో ఒకదాన్ని వాయించాను. పర్లేదు, నా వేళ్ళను బట్టి చూస్తే బాగానే వాయించాను. రెండోది మొదలుపెడుతుండగా కింద ఇంటాయన మోటరు వేశాడు.

ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఎడమ చెయ్యి గిటారు మెడ మీద బిగుసుకుపోయింది. వదులుదామనుకుంటే, ఆ అనుకోవడం భుజం దాకా పోయి అక్కడే నిలిచిపోయింది. పళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. స్పీకరు పెట్టె మాత్రం జన్మలో అరవనంత గట్టిగా అరిచింది. నాకు గొంతు రాలేదు కాబట్టి నా తరఫున అదే అరిచిందనుకోవాలి. నేను ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తెలుగు మాట ఒక్కటి కూడా తలలో లేదని మాత్రం గుర్తుంది.

మా ఆవిడ మెట్లు దిగింది. నన్ను చూసింది. నా వైపు రాలేదు. చేతిలో బట్టలు వదిలేసి నేరుగా కొళాయి దగ్గరికి పోయి, చపాతీల కర్ర తీసుకుని, వైరును ఒక్క దెబ్బ కొట్టింది. చుట్లు ఊడి కింద పడ్డాయి. అరవలేదు, కంగారు పడలేదు. రోజూ చేసే పనిలా చేసింది. నేను పక్కకు ఒరిగిపోయాను.

“చెయ్యి ఆడించు” అంది, దగ్గరికి వచ్చి కూర్చుని. “వేళ్ళు. ఒక్కోటి.”

ఆడించాను. నాలుక తిరిగాక, “ఏందే అది?” అన్నాను.

“ఎర్తు.”

“ఎర్తా?”

“ఎర్తు గాకపోతే ఏంది? నాకు దినామూ వచ్చేది ఇదే. నువ్వు గట్టిగా పట్టుకుంటివి. నేను పట్టుకోను. అంతే తేడా.”

అప్పుడు చూశాను ఆమె కాళ్ళకు నా చెప్పులు. గుడ్డ, కర్ర, చెప్పులు. ఎనిమిది నెలల పాటు నా ఎదురుగా ఒక మనిషి చావుతో బట్టలుతికే ఒప్పందం చేసుకుని బతికింది. ఆ ఏర్పాట్లను నేను స్టాఫ్ రూములో చెప్పి నవ్వించాను.

“ఎందుకు గట్టిగా చెప్పల్యా?”

“నాలుగుసార్లు చెప్పినా. రానీలే అంటివి. ఇంటామెకు జెప్పినా, మాకూ వస్తాంది, చెప్పులేస్కో అనె. అందరికీ వస్తాంటే ఇంగ నాకెందుకని గమ్మునుంటి.” కింద పడిన బట్టలు ఏరుకుంటూ, “ఇందాక నువ్వు ఫోన్జేసి ఎర్తు గురించి అడిగితే, అబ్బా, ఇన్నాళ్ళకు మనిషిని తెస్తాండాడు అనుకుంటి” అంది.

ఇక్కడ నేను ఏదైనా చమత్కారంగా అని ఉంటానని నా స్నేహితులు అనుకుంటారు. లేచి గిటారుకున్న వైరు విప్పేశాను.

మావాడికి ఫోను చేసి, ఈసారి క్రియలు మార్చకుండా చెప్పాను. “మోటరు ఎవుర్నీ ఎయ్యనియ్యొద్దు. కొళాయి ముట్టుకోవద్దు. తెల్లారి మొదటి బస్సుకొస్తా” అన్నాడు. మామా అనలేదు, ఒరే అనలేదు.

కిందికి పోయి ఇంటాయనకు చెప్పాను. బండి ఆత్మకూరు వైపు పొలాలున్న పెద్దమనిషి. “ఏం పర్లేదప్పా, ఆడోళ్ళకు కొంచెం వస్తాది” అన్నాడు. ఆడోళ్ళకు ఎందుకొస్తుందంటే, కొళాయి దగ్గరికి పోయేది వాళ్ళే కాబట్టి. ఆ కారణం ఆయనకు తట్టలేదు. ఎనిమిది నెలలు నాకూ తట్టలేదు కనక, నేను దాని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. మోటరు స్విచ్చి పక్కన ‘వేయొద్దు’ అని ఒక కాగితం అంటించి వచ్చాను.

పొద్దున మావాడు సంచీలో తన బల్బు వేసుకుని దిగాడు. పికప్పును కాల్చిన బల్బే. దాని ఒక వైరును పొడుగ్గా కిందికి వదిలి, తడి మట్టిలో గుచ్చిన ఇనుప చువ్వకు కట్టాడు. రెండోది చెక్క పిడి ఉన్న కమ్మీతో కొళాయికి ఆనించి, “మోటరెయ్యి పెద్దాయనా” అన్నాడు.

బల్బు వెలిగింది. మినుకు మినుకుమని కాదు. ఆ వెలుతురులో పేపర్లు దిద్దుకోవచ్చు.

మోటరేసి పైకొచ్చిన ఇంటాయన, ఇంటామె, నేను, మా ఆవిడ వరసగా నిలబడి కొళాయిలోంచి వచ్చిన ఆ వెలుగును చూశాం. ఇంటామె మెల్లగా తన చెప్పుల వైపు చూసుకుంది. ఆమెవీ రబ్బరు చెప్పులే, మగవాళ్ళ సైజువి.

“ఆపు” అన్నాడు మావాడు. ఎప్పుడూ నవ్వు లేకుండా మాట్లాడనివాడు, మామూలు గొంతుతో చెప్పుకొచ్చాడు. “మోటరు లోపల వైండింగు చెడి కరెంటు దాని ఒంటికి వస్తాంది. ఆ ఒంటికి కట్టిన ఎర్తు వైరు తీసకపోయి ఇనుప పైపుకు సుట్టినారు. ముందు ఆ పైపు భూమిలోకి పోతాండె, కరెంటూ పోతాండె. భూమిలో ముక్క ఎవురు మార్చినారు?”

“నేనే” అన్నాడు ఇంటాయన. “పోయిన ఎండాకాలం. తుప్పు పట్టింటే, మంచి ప్లాస్టిక్ ఏయించినా.”

“అదీ సంగతి. కరెంటుకు పోయేదానికి దోవ ల్యా. కొళాయి కాడ కూర్చుని, ఎవురొస్తారా అని సూస్తాంది.”

ఇంటాయన ఆ మాట విని గోడకు చెయ్యి ఆనించబోయి, మళ్ళీ తీసేసుకున్నాడు. ఆయన మంచి చేద్దామనే ప్లాస్టిక్ వేయించాడు. నేను మోత పోగొడదామనే వైరు చుట్టాను. ఆ ఉదయం ఆ ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా ఇద్దరు మొగుళ్ళు. ఇద్దరికీ ఇంట్లో ముందే చెప్పారు.

మావాడు మోటరును విప్పి పక్కన పెట్టేశాడు, తన దగ్గరికి పంపమన్నాడు. ఎవరిదో మంచి మోటరు తెచ్చి బిగించాడు. తరవాత పెరట్లో నడుము లోతు గుంత తవ్వించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి, ఇనుప పైపు నిలబెట్టి, మోటరు నుంచి రాగి వైరు తెచ్చి దానికి కట్టి, మట్టి కప్పి నీళ్ళు పోశాడు. ఎర్తు అంటే ఇదన్న మాట. భూమిలో ఇంత గుంత, కొంత ఉప్పు. ఇంటామె లోపలినుంచి పసుపు తెచ్చి దాని మీద చల్లింది.

పైకొచ్చి కొళాయికి బల్బు మళ్ళీ పెట్టాడు. మోటరు నడుస్తోంది. వెలగలేదు.

“ఇప్పుడు నీ గిటారుకు కట్టుకో” అన్నాడు. వద్దన్నాను. మోతకు అలవాటు పడతానన్నాను.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. మా ఆవిడ కొళాయికి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది, చెప్పులతో, చేతిలో మడత గుడ్డతో. బల్బు వెలగకపోవడం ఆమెకు సాక్ష్యం కాదు. ఎనిమిది నెలల్లో అది రాని రోజులు కూడా ఉండేవి, మరుసటి రోజు వచ్చేది.

“ఎనక చేత్తో ముట్టుకోమ్మా మొదట” అన్నాడు మావాడు. “అరచేత్తో అయితే వేళ్ళు ముడుచుకుంటాయి. ఎనక చెయ్యి అయితే అదే నెట్టేస్తాది.”

“తెలుసన్నా. నేను అట్లనే ముట్టుకునేది.”

వాడు నా వైపు చూశాడు. నేను ఇంకో వైపు చూశాను.

“ముందు నేను ముట్టుకుంటా” అన్నాను. చెప్పులు లేకుండా తడి బండ మీద నిలబడ్డాను.

“నువ్వు నవ్వితే నమ్మను” అంది. “నీకు కొట్టినా నవ్వుతావు.”

అది నిజమే. ఇన్నేళ్ళుగా ఆమెకు నా ముఖం మీద నమ్మకం కలిగించే పని ఒక్కటీ చేయలేదు. ముఖం మామూలుగా పెట్టుకోవడం ఇంత కష్టమని ఆ రోజు తెలిసింది. మొదట వెనక చెయ్యి ఆనించాను. తరవాత అరచెయ్యి. కొళాయిని పూర్తిగా పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. కింద మోటరు శబ్దం వస్తోంది. నా గుండె శబ్దం కూడా, దానికి ఎర్తు లేదు కాబట్టి.

“రాల్యా” అన్నాను.

“ఏం రాల్యా?”

“కరెంటు.”

ఎర్తు అననందుకు నా వైపు ఒకసారి చూసింది. గుడ్డ తీగ మీద వేసింది. చెప్పులు విడిచి పక్కకు నెట్టింది. వెనక చెయ్యి ఆనించింది, తీసింది. మళ్ళీ ఆనించింది. ఈసారి వేళ్ళు తిప్పి పట్టుకుంది.

“ఇంత సల్లగుంటాదా ఇది” అంది, ఎవరితోనో కాదు.

కొళాయి తిప్పింది. బకెట్టులో నీళ్ళు పడుతున్నాయి. ఆమె చెయ్యి తీయలేదు. మావాడు బల్బు వైరు చుట్టుకుంటూ ఆగిపోయాడు. బకెట్టు నిండింది. నిండి బండల మీదికి పొర్లి, మా పాదాల మీదుగా పోయి, కాలవలోంచి కిందికి దూకడం మొదలుపెట్టింది. ఆమె ఇంకా పట్టుకునే ఉంది.

“ఎవురప్పా పైన, నీళ్ళు పోతాండాయి” అని కిందినుంచి ఇంటాయన కేకేశాడు.

“పోనీలే పెద్దాయనా” అన్నాడు మావాడు.